అరవై మార్కుల చుట్టం

ఇంటికి చుట్టం రావాలంటే నూటికి అరవై మార్కులు తెచ్చుకోవాలని కంచెరపుట్టులో ఎవరికీ తెలీదు. తెలిసేసరికి చైత్రం వెళ్ళిపోయింది, కిల్లో బొంజన్న కూతురికి ఏడో నెల వచ్చేసింది.

బొంజన్నది కొండ మీద ఊరు. రెండు గదులు, ఒక వసారా, పెరట్లో నాలుగు కాఫీ మొక్కలు, ఆ వెనక అల్లం చేను. నాలుగేళ్ళ కిందట పట్నం మనుషులెవరో వానకి చిక్కుకుని ఆ వసారాలో పడుకున్నారు. వెళ్ళి పదిమందికి చెప్పారు. ఆ పదిమందీ వచ్చారు. అలా అది అతిథి గృహం అయిపోయింది. అందుకోసం బొంజన్న చేసిందేమీ లేదు. తలుపు తీసి ఉంచాడు.

ఆ ఇంటికి ఒకటే పద్ధతి, తండ్రి నాటిది. తొలినాడు పీట, మలినాడు పార. వచ్చిన రోజు చుట్టాన్ని పీట మీద కూర్చోబెట్టి, కాళ్ళకు నీళ్ళిచ్చి, ఉన్నదేదో పెట్టాలి. ఆ రోజు చుట్టం గడ్డిపరక కూడా కదపకూడదు. తెల్లారితే మాత్రం చేతికి పార ఇవ్వాలి. ఇవ్వలేదంటే ‘నువ్వు మా మనిషివి కాదు, ఎప్పుడు బయల్దేరతావు’ అని అడిగినట్టే. పట్నం వాళ్ళు మొదట నవ్వేవాళ్ళు. తరవాత ఒక బోదె తవ్వి, అరచేతులు చూసుకుని, మధ్యాహ్నం ఇద్దరి తిండి తినేవాళ్ళు. మరుసటేడు మళ్ళీ వచ్చేవాళ్ళు.

ఇదంతా సవ్యంగా సాగుతోంది గనక ప్రభుత్వం కంట్లో పడింది.

గిరి ఆతిథ్య ప్రమాణాల సంస్థ అని ఒకటి వెలిసింది. దానికి డైరెక్టరు ఉమాకాంతం గారు. కొండజాతి వాళ్ళ ఇళ్ళలో అతిథులు ఎలా ఉండాలో స్వయంగా చూడాలని ఆయనకు అనిపించింది. ఆయన ఆఫీసు కిటికీలోంచి చూస్తే మన కొండలు కనపడతాయి. అందుచేత ఆయన దక్షిణ అమెరికా వెళ్ళారు. అక్కడ ఆండీస్ కొండల్లో పన్నెండు వేల అడుగుల ఎత్తున, ఆ నేల ఆదివాసుల ఊళ్ళో, ఒక కుటుంబం నడుపుకునే అతిథి గృహంలో మూడు రోజులు ఉన్నారు. తిరిగొచ్చి నూట పన్నెండు పేజీల నివేదిక రాశారు. దాన్ని వడగడితే ఒక ఫారం వచ్చింది. ఆ ఫారం పట్టుకుని ఇన్‌స్పెక్టరు కామేశం కొండెక్కాడు.

కామేశం మంచివాడు. కాకపోతే కాగితం మీద లేనిది ఆయన కంటికి ఆనదు.

“బొంజన్నా, నాలుగే అంశాలు. చదువుతాను, విను. ఒకటి. గృహమునకు ఎదురుగా మంచుతో కప్పబడిన పర్వతము. పది మార్కులు. మంచేదీ?”

“మాగమాసం పొద్దున గడ్డి మీద పడతాదండి. ఎండొస్తే పోతాది.”

“పోతే మార్కులూ పోతాయి. రెండు. కుటుంబ సభ్యులందరికీ చెవులు కప్పు ఊలు టోపీలు. పది. మూడు. పొడుగాటి మెడ, ఒత్తైన బొచ్చు గల జంతువు. అతిథి దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకోవాలి. ముప్పై.”

“మేకున్నాదండి.”

కామేశం సంచిలోంచి టేపు తీసి మేక మెడ కొలిచాడు. పదకొండు అంగుళాలు వచ్చింది. పెదవి విరిచాడు.

“కాస్త సాగదీసి కొలవండి బాబూ, ఇంకో అంగుళం వస్తాదేటో,” అంది బొంజన్న భార్య కాసులమ్మ, పొయ్యి దగ్గర్నించి.

“నాలుగోది ముఖ్యం. ఎత్తు జబ్బు. యాభై మార్కులు.” కామేశం గొంతు తగ్గించాడు. “బాగా ఎత్తుకు పోతే మనుషులకి తల తిరుగుతుంది బొంజన్నా. అక్కడ డైరెక్టరు గారికి తిరిగింది. మూడు రోజులు మంచం దిగలేదు. నివేదిక మొదటి పేజీలోనే రాశారు. ‘అతిథి మూడు దినములు మంచము దిగకుండుటయే అచ్చమైన గిరి ఆతిథ్యమునకు లక్షణము’ అని. కాబట్టి మీ ఇంట అతిథికి పార ఇవ్వడం నేటి నుంచి నిషిద్ధం.”

“మాది మూడు వేల అడుగులండి. ఇక్కడెవులికీ తల తిరగదు.”

“తిరగాలి.”

“తిరక్కపోతే ఏటవుద్దండి?”

కామేశం ఫారం వెనక్కి తిప్పాడు. అక్కడ చిన్న అక్షరాలున్నాయి. అరవై మార్కులు రాని ఇంట అతిథి రాత్రి బస చేయరాదు. రేషన్ కార్డులో పేరు లేని ప్రతి ప్రాణీ అతిథిగానే పరిగణింపబడును. ఉల్లంఘించిన యెడల ఇంటికి తాళము.

కాసులమ్మ పొయ్యి దగ్గర్నించి లేచి వచ్చింది. “మా సన్నారి పురిటికొస్తాదండి ఆషాడంలో. తొలికాన్పు. పిల్లనేటి ఈదిలో కనమంటారా?”

“కార్డులో పేరుందా?”

“పెళ్ళయ్యాక మీవోళ్ళే కొట్టేసినారు కదండీ.”

“కొట్టేస్తే అతిథే,” అన్నాడు కామేశం బాధగా. నిజంగానే బాధపడ్డాడు. రూలు మాత్రం ఆయన రాసింది కాదు.

బొంజన్న పారని చూరులో పైకి దోపేశాడు. ఆషాఢానికి రెండు నెలలుంది.

వైశాఖంలో మంచుకొండ వచ్చింది. లారీలో చుట్టగా వచ్చింది, విప్పితే నలభై అడుగుల ఫ్లెక్సీ. వెదురు గడలు పాతి ఇంటికి ఎదురుగా కట్టారు. అసలు కొండ దాని వెనక్కి పోయింది. మంచు శిఖరం పక్కన డైరెక్టరు గారి బొమ్మ కూడా ఉంది, శిఖరం కన్నా ఒక మూర ఎత్తుగా. కోళ్ళు నాలుగు రోజులు అటు పోలేదు.

తరవాత టోపీలు వచ్చాయి, చెవుల మీదికి దిగే మందపాటి ఊలువి. మొగుడూ పెళ్ళాం ఆ ఎండలో అవి పెట్టుకుని పనిచేశారు. ఒకరు పిలిస్తే ఒకరికి వినపడేది కాదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఇంత ప్రశాంతంగా ఏ నెలా గడవలేదని కాసులమ్మ సంతలో చెప్పింది.

ఆ పైన జంతువు. డైరెక్టరు గారు ఆ దేశంలో చూసింది లామా. అది మన దగ్గర లేదు. ఆఫీసు ఒక జంతుశాస్త్ర పండితుణ్ణి అడిగింది. ‘సదరు లామాకు ఒంటె పెదనాన్న వరుస’ అని ఆయన జవాబు రాశాడు. వరుస కలిసింది కదా అని సముద్రపు ఒడ్డున పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే ముసలి ఒంటెని ఘాట్ రోడ్డు ఎక్కించారు. అది జన్మలో కొండ ఎరగదు. పైకి వచ్చి, నురగ కక్కి, బొంజన్న వాకిట్లో కూలబడి మూడు రోజులు లేవలేదు.

కామేశం పరుగెత్తుకొచ్చాడు. “ఎత్తు జబ్బే! లక్షణాలన్నీ ఉన్నాయి!”

“అయితే యాబై మార్కులా బాబూ?”

కామేశం ఫారం తిరగేసి నీరుకారిపోయాడు. “దీన్ని మూడో అంశం కింద తెచ్చాం బొంజన్నా. అక్కడ జంతువైనది ఇక్కడ అతిథి కాలేదు. ఒకే ప్రాణికి రెండు అంశాల్లో మార్కులు వెయ్యకూడదు.”

ఒంటె ఒక కన్ను తెరిచి ఇద్దరినీ చూసి, మళ్ళీ మూసుకుంది.

ఇక ఎత్తు జబ్బుకి కాసులమ్మే ఉపాయం చెప్పింది. పొద్దున్నే దించిన జీలుగు కల్లు ఒక ఆనపబుర్ర నిండా పోస్తే ఎవడికైనా తల తిరుగుతుంది కదా అంది. ముందుగా పరీక్షించి చూడటం కామేశం వృత్తిధర్మం. పరీక్షించాడు. మూడు రోజులు మంచం దిగలేదు. మధ్యలో లేచి, ఫ్లెక్సీలో ఉన్న డైరెక్టరు గారికి సెలవు చీటీ కూడా ఇవ్వబోయాడు. కానీ తన జబ్బుకి తానే సంతకం పెట్టుకోవడానికి లేదు. ఆ మార్కులూ పోయాయి.

ఇలా జ్యేష్ఠం సగమైంది. అప్పుడొక కబురు వచ్చింది. ఈ ఫారానికి పెద్ద బహుమతి ఇచ్చి, డైరెక్టరు గారిని ఈసారి ఐరోపా మంచుకొండలకి పంపే ఆలోచన పైన ఉందట. ఒకటే షరతు. అసలు ఆండీస్ మనిషి ఎవరైనా వచ్చి, చూసి, ‘అవును, మా ఇల్లు ఇట్లాగే ఉంటుంది’ అని సంతకం చెయ్యాలి. డైరెక్టరు గారు పట్టుబట్టి పిలిపించారు. ఎవరో ఒకర్ని పంపండని ఆ దేశానికి రాశారు, వాళ్ళు పంపారు.

వచ్చినావిడ పేరు ఫెలిపా చోకె. యాభై దాటిన మనిషి. రెండు జడలు, నెత్తిన గట్టి టోపీ, మడత మీద మడతగా లంగాలు, వీపున గుడ్డమూట. ఆమె మాట తెలుగు చెయ్యడానికి యూనివర్సిటీ నుంచి హిమజ అనే అమ్మాయి వచ్చింది. డైరెక్టరు గారు కింద ప్రభుత్వ బంగళాలో ఆగిపోయారు. సంతకం వేళకి తెల్లారి వస్తానన్నారు.

ఫెలిపా వాకిట్లో నిలబడి ముందు ఫ్లెక్సీని చూసింది, అందులో మనిషి బొమ్మని ఎక్కడో చూసినట్టు కళ్ళు చికిలించింది. దాని పక్కగా నడిచి, వెనక్కి వెళ్ళి, అసలు కొండని చూసి వచ్చింది.

“ఆ వెనక కొండ ఏం తప్పు చేసిందని అడుగుతోంది,” అంది హిమజ.

కామేశం రాసుకోలేదు.

ఒంటెని చూసి ఫెలిపా చాలాసేపు దాని ముక్కు నిమిరింది. “ఇది దారి తప్పి వచ్చిందా అంటోంది. వాళ్ళ లామా ఇది కాదట. వరుస కూడా కలవదట.”

కామేశం మూడో అంశం కొట్టేశాడు. ముప్పై పోయాయి. ఆ నిమిరే సందులో ఒంటె మెడ చాపి, కాసులమ్మ నెత్తి మీద టోపీ అందుకుని నమిలేసింది. కుటుంబ సభ్యులందరికీ టోపీలు లేవు గనక రెండో అంశమూ పోయింది.

“అమ్మా,” అన్నాడు కామేశం ఆశగా, “ఆవిడకి తల తిరుగుతోందేమో అడగండి.”

హిమజ అడిగింది. ఫెలిపా నవ్వింది. “ఇంత పల్లానికి దిగొచ్చాక గాలి మరీ ఎక్కువైందట. పీల్చుకోలేక మిగిలిపోతోందట.”

ఆ రాత్రికి లెక్క తేలింది. మంచుకొండకి పది. మిగతావి సున్న.

బొంజన్న మాత్రం తన పని తాను చేశాడు. పీట వేశాడు, కాళ్ళకు నీళ్ళిచ్చాడు. ఫెలిపా మూట విప్పి, గులకరాళ్ళలా ఉన్న ఎండు దుంపలు కాసులమ్మ ఒళ్ళో పోసింది. వాటిని నానబెట్టి, పచ్చిమిరపకాయలు వేసి వండితే సామల అన్నంలోకి బాగానే ఉన్నాయి. ఇద్దరాడవాళ్ళూ హిమజ లేకుండానే చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏ భాషలోనో మరి.

తెల్లారింది. బొంజన్న లేచేసరికి ఫెలిపా గుమ్మంలో నిలబడి ఉంది. లంగాలు పైకి దోపుకుంది, చేతులు ఖాళీగా పెట్టుకుంది. ఆయన్ని చూసింది. చూరులోని పారని చూసింది. మళ్ళీ ఆయన్ని చూసింది.

బొంజన్న తల దించుకున్నాడు. వసారాలో కామేశం ఫారం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పార ఇస్తే ఇంటికి తాళం. తాళం పడితే సన్నారి ఎక్కడికి పోతుంది?

కాసేపు చూశాక ఫెలిపా మొహం చిన్నబోయింది. మెల్లిగా లోపలికి వెళ్ళి, గుడ్డమూట కట్టుకోవడం మొదలుపెట్టింది.

“ఏమైందో నాకూ చెప్పడం లేదు,” అంది హిమజ కంగారుగా. “ఇంక వెళ్ళిపోతాను, వాళ్ళకి నేను పరాయిదాన్ని అంటోంది.”

కాసులమ్మ మొగుడి ఎదటికొచ్చి నిలబడింది. “ఇచ్చీ మావా. తాళమేస్తే ఎయ్యనీ. ఇంటికొచ్చిన మనిసి ఆ మొకంతో పోతే నా కూతురు సుకంగా కంటాదేటి?”

బొంజన్న చెయ్యెత్తి చూరులోంచి పార తీశాడు. ఫెలిపా చేతికిచ్చాడు. ఆమె కర్రని అటూ ఇటూ తిప్పి చూసి, బరువు సరిచూసుకుని, పళ్ళన్నీ కనపడేలా నవ్వింది.

సరిగ్గా అప్పుడే జీపు వచ్చి ఆగింది.

“ఏమిటీ దృశ్యం!” డైరెక్టరు గారు జీపులోంచే గర్జించారు. వెనక ఫోటోగ్రాఫరు దిగాడు. “కామేశం! అంతర్జాతీయ ప్రతినిధి హస్తమందు పార! ప్రమాణాల ఉల్లంఘన మన కళ్ళ ఎదుట జరుగుచుండగా సంస్థ ఏం చేయుచున్నది?”

“రాసుకుంటున్నది సార్,” అన్నాడు కామేశం.

ఫెలిపా డైరెక్టరు గారిని తేరిపార చూసింది. ఫ్లెక్సీలో బొమ్మని చూసింది. మళ్ళీ ఆయన్ని చూసి, పార నేలకి ఆనించి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే ఏదో గబగబా చెప్పింది.

హిమజ నోరు తెరిచి మూసింది.

“చెప్పమ్మా,” అన్నారు డైరెక్టరు గారు హుందాగా. “ప్రశంసలైనా సంకోచించకు.”

“సార్, మీరు అక్కడ ఉన్నది ఈవిడ ఇంట్లోనేనట. ఆ ఊళ్ళో మీకు పేరు కూడా పెట్టారట.”

“ఏం పేరు?”

“దుప్పటి.”

కాసులమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

“వాళ్ళ ఇంట కూడా రెండో రోజు చుట్టం చేతికి పార ఇస్తారట. బంగాళదుంపలు తవ్వే రోజులట అవి. పార తీసుకొస్తే చాలు, తల తిరుగుతోందని దుప్పటి నెత్తి మీదికి లాక్కునేవారట. తిండివేళకి మాత్రం తల నిలబడేదట. మూడు రోజులూ అంతేనట.”

“అనువాదంలో కొంత అతిశయోక్తి దొర్లుచున్నట్లు...”

“లేదు సార్. నేను చాలా తగ్గించి చెబుతున్నాను.”

నూట పన్నెండు పేజీలు ఎక్కడ పుట్టాయో అందరికీ అర్థమైపోయింది. ఒక్క కామేశం మాత్రం ఇది ఏ అంశం కిందికి వస్తుందా అని వెతుకుతున్నాడు.

డైరెక్టరు గారు ఫారం ముందుకు తోశారు. “సంతకం చేయమను.”

“చేస్తుందట సార్. కానీ వాళ్ళ ఇంట మీ పార పని మిగిలిపోయిందట. అది తీరకుండా మీ కాగితం ముట్టదట.”

బొంజన్న గొంతు సవరించుకున్నాడు. డైరెక్టరు గారి ముందు ఆయన మాట్లాడటం చూసి కాసులమ్మే ఆశ్చర్యపోయింది.

“అమ్మా, ఆ సేనికి పోవాలంటే సముద్రాలు దాటాల. బాబుగోరికి కష్టం. మా అల్లం సేన్లో తవ్వితే సెల్లుతాదేటో అడుగు.”

ఫెలిపా ఆలోచించి చెప్పింది. “చెల్లుతుందట. ఏ చేనైనా పరవాలేదు, నడుం వంగితే చాలునట.”

డైరెక్టరు గారికి ఐరోపా మంచుకొండలు కనపడ్డాయి, ఈసారి ఫ్లెక్సీ లేకుండానే. కోటు విప్పి కామేశానికిచ్చి, కాసులమ్మ తెచ్చిన ఇంకో పార పట్టుకుని చేనులోకి దిగారు. ఫెలిపా ఒక బోదె తవ్వేసరికి ఆయన మూరెడు తవ్వారు. ఆమె రెండోది పట్టుకుంది. ఎండ ముదిరింది. మరో మూరెడు తవ్వి ఆయన నడుం పట్టుకున్నారు. కళ్ళు తేలేశారు. పార వదిలేసి, మట్టిలో కూర్చుని, “తల... తిరుగుచున్నది...” అన్నారు.

ఈసారి నిజంగానే తిరిగింది.

కామేశం ఫారం ఎత్తి పట్టుకుని చేనుకి అడ్డంపడి వచ్చాడు. “సార్! ఎత్తు జబ్బు సార్! యాభై!”

“నేను... అతిథినా, అధికారినా... పరిశీలించు...”

“రేషన్ కార్డులో పేరు లేదు సార్. రాత్రి బస చేస్తే అతిథే.”

బసకి కొదవ లేకపోయింది. నడుం పట్టేసి డైరెక్టరు గారు బొంజన్న వసారాలో మూడు రోజులు మంచం దిగలేదు. కాసులమ్మ మిరియాల కషాయం పోసింది. యాభైకి మంచుకొండ పది కలిసి సరిగ్గా అరవై అయ్యాయి. ఫెలిపా సంతకం చేసి, పారని కడిగి చూరులో దోపి, మూటలో బొంజన్న అల్లం కట్టుకుని వెళ్ళిపోయింది.

ఆషాఢంలో సన్నారి వచ్చింది. ఆమెకి మొదటి రోజు పీట వేశారు. రెండో రోజు పార ఇవ్వాల్సిన పని లేకపోయింది. ఆ పొద్దున్నే నొప్పులొచ్చి ఆడపిల్ల పుట్టింది.

ఆ పొద్దు మునగబోయే వేళకి కామేశం వానలో తడుస్తూ వచ్చాడు. డైరెక్టరు గారు ఐరోపా వెళ్తూ ఫారాన్ని సవరించి వెళ్ళారు. ఇప్పుడు అంశం ఒకటే. రెండవ దినమున అతిథి విధిగా పార పట్టవలెను. నూరు మార్కులు. పట్టని యెడల ఇంటికి తాళము. గెడ్డ పొంగి దారి మూసుకుపోవడంతో కామేశం ఆ రాత్రి అక్కడే ఉండిపోయాడు. పీట వేశారు, కాళ్ళకు నీళ్ళిచ్చారు, ఉన్నది పెట్టారు.

తెల్లారి ఆయన ఫారం విప్పి గొంతు సవరించుకున్నాడు. “బొంజన్నా, ఏమీ అనుకోకు. రేషన్ కార్డులో పేరు లేని ప్రాణి ఒకటి ఇంట్లో రాత్రి బస చేసింది. దానికిది రెండో రోజు.”

“ఎవులండి? సన్నారా?”

“బాలింత కదా, ఆమెకి మినహాయింపు ఉంది. పసిపిల్లకే లేదు.”

కాసులమ్మ చేటతో లేచింది. బొంజన్న చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. చూరులోంచి పార తీసి, మట్టి తుడిచి, గది గుమ్మంలో కూర్చున్న సన్నారి దగ్గరికి తెచ్చి, కర్ర కొనని మనవరాలి చేతి దగ్గర పెట్టాడు. చిక్కుడుగింజంత వేళ్ళు విచ్చుకుని, కర్ర చివర పట్టుకున్నాయి. లాగినా వదల్లేదు.

“రాసుకోండి బాబూ.”

కామేశం కళ్ళు తుడుచుకుని, ‘పార పట్టెను’ అని రాసి, ఎదురుగా నూరు వేసి, ముద్ర కొట్టాడు. “ఎంత గట్టి పట్టు బొంజన్నా! ఇక నే వస్తాను. గెడ్డ తీసిందేమో చూస్తా.”

బొంజన్న మనవరాలి వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు. పార తెచ్చి కామేశం ముందు నిలబెట్టాడు.

“బాబూ, మీ పేరు మా కార్డులో ఉన్నాదేటి?”